నా పన్నెండో ప్రశ్న

నిన్న సాయంత్రం గైడ్ సార్ నా సర్వే ప్రశ్నావళి మీద సంతకం పెట్టారు. ఇది నాలుగో ప్రతి. మొదటి మూడింటి వెనకవైపు మా అమ్మ పాల లెక్క రాసుకుంటోంది.

హన్మకొండలో ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్ పీజీ, చివరి ఏడాది ప్రాజెక్టు నాది. నర్సంపేట తోవలో ఒక ఊరు, 120 ఇళ్లు, తాగునీళ్లు. అంశం ఒప్పించుకోవడం, ఊరు చూసుకోవడం, సర్పంచ్‌తో మాట్లాడటం వారంలో అయిపోయాయి. అనుమతి కాగితం మీద ముద్ర కోసం మాత్రం ఒక ఆఫీసు చుట్టూ ఐదు రోజులు తిరిగాను. ముద్ర బల్ల మీదే ఉంటుంది, ముద్ర వేసే సార్ భోజనానికి పోయి ఉంటాడు. మీరెవరైనా పోయేటట్టయితే పదకొండులోపే పోండి.

ఇక ప్రశ్నలు. డిగ్రీలో వ్యాసరచనలో రెండుసార్లు ఫస్ట్ ప్రైజు కొట్టినవాణ్ణి, ప్రశ్నలు రాయడమెంత అనుకున్నాను. 32 ప్రశ్నలూ ఒక్క రాత్రిలో రాసేశాను. పన్నెండోది నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: "ఇంటింటికీ అందుతున్న స్వచ్ఛమైన, సురక్షితమైన నల్లా నీటి సరఫరాతో, నాణ్యతతో మీరు సంతృప్తిగా ఉన్నారా?" జవాబుకు పూర్తి సంతృప్తి నుంచి పూర్తి అసంతృప్తి దాకా ఐదు మెట్లు, 1932లో లికర్ట్ అనే ఆయన తెచ్చిన పద్ధతిలో.

పైలట్‌గా, అంటే అసలు సర్వేకి ముందు ప్రశ్నల్ని పరీక్షించుకోవడానికి, 15 ఇళ్లు తిరిగాను. 14 మంది సంతృప్తి అన్నారు. పదిహేనో ఆయన తాగి ఉన్నాడు, లెక్కలోకి తీసుకోలేదు. రంగుల గ్రాఫ్ గీసుకుని సార్ ముందు పెట్టాను.

సార్ గ్రాఫ్ చూడలేదు. కాగితం తిప్పి వెనక ఒక్క వాక్యం రాశారు: "నల్లా నీళ్లకంటే క్యాన్ల నీళ్లే మేలంటే మీరు ఒప్పుకుంటారా?" తర్వాత క్లాసంతా వింటుండగా, "అవే ఇళ్లకు పోయి ఇది అడిగి రా" అన్నారు.

మళ్లీ బస్సు, మళ్లీ ఎండ. మొదటి ఇంట్లో వేపచెట్టు కింద ముగ్గురు ఆడవాళ్లు మిరపకాయల తొడిమెలు తీస్తున్నారు. అందులో పెద్దవ్వ నా ప్రశ్న పూర్తిగా వినకముందే, "ఔ బిడ్డా, క్యాన్ల నీళ్లే మేలు" అంది. పక్కింట్లోనూ అదే మాట. సాయంత్రానికి లెక్కేస్తే 13 మంది ఔనన్నారు. వారం కింద నల్లా నీళ్లకు ఔనన్న నోళ్లే ఇవి!

ఉండబట్టలేక మళ్లీ ఆ పెద్దవ్వ దగ్గరికే పోయాను. "అవ్వా, మొన్న నల్లా నీళ్లు మంచిగున్నయంటివి గదా?"

ఆమె చేతులు ఆగలేదు. "నువ్వు మంచియని రాసుకొచ్చినవ్, ఔనన్న. ఇయ్యాల గివి మంచియని రాసుకొచ్చినవ్, దీనికీ ఔనన్న. ఎండల వడి వస్తివి, కాదంటే నీ మొఖం సిన్నవోదా?" మిగతా ఇద్దరూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వు ఆగాక పెద్దవ్వ గొంతు తగ్గించి అడిగింది: "నా పింఛన్ గురించైతే ఏం రాస్తలేవు గదా?"

తొడిమెలు తీసే చేతుల ముందు నా ఫస్ట్ ప్రైజులు రెండూ రాలిపోయాయి. మెడలో ఐడీ కార్డు, చేతిలో అట్ట, పెన్ను. 2014 ఆగస్టు 19న తెలంగాణ అంతటా ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిగితే బొంబాయి, భివండీ నుంచి బస్సులెక్కి వచ్చి ఇళ్లలో కూర్చున్న జనం వీళ్లు. సర్వే అంటే కార్డు, పింఛను. అట్ట పట్టుకుని వచ్చినవాడికి కాదని ఎందుకు చెప్తారు?

"ఊరివాళ్లకు తెలియదని రిపోర్టులో రాసేవు జాగ్రత్త" అని సార్ ముందే హెచ్చరించి అమెరికా సంగతి చెప్పారు. రగ్ అనే పరిశోధకుడు 1941లో అచ్చువేసిన లెక్క అది. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా చేసే ఉపన్యాసాలను నిషేధించాలా అంటే 46 శాతం మంది ఔనన్నారట. అనుమతించాలా అని తిప్పి అడిగితే వద్దన్నవాళ్లు 62 శాతం. అడిగింది ఒకటే సంగతి, మారింది క్రియాపదం.

నా పన్నెండో ప్రశ్నలో క్రియాపదం దాకా పోనక్కరలేదు. స్వచ్ఛమైన, సురక్షితమైన అని సర్టిఫికెట్ ముందే నేనిచ్చేశాను. సరఫరా, నాణ్యత రెండూ ఒకే తాడుకు కట్టాను. నీళ్లు రోజూ వస్తాయి కానీ రుచి పడదు అనే మనిషి ఎక్కడ టిక్కు పెట్టాలి? ఐదు మెట్లయితే మరీ ఘోరం. వాళ్లు "మంచిగనే ఉన్నయ్" అంటే ఏ మెట్టో నేనే తేల్చి టిక్కు కొట్టాను.

"గత సంవత్సర కాలంలో" అన్నచోట "బతుకమ్మ పండుగ నుంచి" అని మార్చాను, వెంటనే జవాబులు వచ్చాయి. రెండో ప్రతిలో ఆదాయం మొదటి ప్రశ్నగా పెడితే ఒకాయన గేటు వేసుకున్నాడు, దాన్ని చివరికి తోశాను. ప్రతి ప్రశ్నా మా అమ్మకు చదివి వినిపించాను. ఆమె "అంటే?" అన్నదల్లా కొట్టేశాను. మా క్లాసులో ఒకడు ఇంగ్లిష్ ప్రశ్నావళి దించుకుని "నీటి సంబంధిత వ్యాధులు సంభవించాయా" అని తెలుగు చేశాడు. వాడికి మొదటిసారికే సంతకం అయిపోయింది. అది వేరే సార్ లెండి.

పన్నెండోది ఇప్పుడిలా ఉంది: "నిన్న మీ ఇంట్లో తాగిన నీళ్లు ఎక్కడివి?" జవాబులు చదివి వినిపించకూడదు, వాళ్లు చెప్పిందే రాసుకోవాలి. దీన్ని చూసి సార్ "నేనూ వాడుకుంటా" అన్నారు. ఆ మాట ఇక్కడ రాయకుండా ఉండలేను.

ఇవాళ పొద్దున నేరుగా పెద్దవ్వ దగ్గరికే పోయి అడిగాను.

"నిన్ననా? క్యాన్లవి. నల్లావి నాకు రుచి వడయ్. గిదే మొదలు అడుగకపోతివి?"

పదమూడో ప్రశ్న, నల్లా నీళ్లు దేనికి వాడతారు అని. "బోళ్లు తోమ, బర్లకు వెట్ట" అంది. నా కాగితంలో వంట ఉంది, స్నానం ఉంది, బట్టలు, గిన్నెలు ఉన్నాయి. బర్లు లేవు. 120 జిరాక్సులూ సంచిలో ఉన్నాయి. తిరుగు బస్సులో కూర్చుని ఒక్కోదాని మీద పెన్నుతో "పశువులకు" అని చేరుస్తున్నాను. ఇప్పటికి 47 అయ్యాయి.