‘పార్ట్‌నర్స్’ అని నోరు జారాను

నిన్న రాత్రి పదకొండింటికి, 2025 ఏప్రిల్‌తో ముగిసిన ఏడాదికి ట్యాక్స్ రిటర్న్ సబ్మిట్ కొట్టాను. జనవరి 31 గడువుకి ఇంకా వారం ఉంది. నెల రోజులుగా తలలో తిరుగుతున్న టెన్షన్ దిగిపోయింది కానీ కోపం ఇంకా దిగలేదు, అందుకే రాస్తున్నా.

మేముండేది ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో. నేను చైల్డ్‌మైండర్‌ని, అంటే ఉద్యోగాలకెళ్ళే వాళ్ళ పిల్లల్ని చూసుకుంటాను. 2024 డిసెంబర్ దాకా ఇంట్లోనే. ఆఫ్‌స్టెడ్ (చైల్డ్‌మైండర్లని రిజిస్టర్ చేసి తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ) కాగితాలన్నీ అయ్యాక 2025 జనవరి నుంచి మూడు మైళ్ళ దూరంలోని ఒక హాల్‌కి మారాను. అక్కడ మా విజయవాడ అక్క కూడా ఇదే పని చేస్తుంది. హాల్ అద్దె ఇద్దరం పంచుకుంటాం, పిల్లలూ ఫీజులూ మాత్రం ఎవరివి వాళ్ళవే.

పన్ను శాఖ ఇచ్చే పది అంకెల యూటీఆర్ నంబర్, లాగిన్ ముందే ఉన్నాయి. ఇంటి లెక్కా తేలికే. వారానికి 40 గంటలు పనిచేసే చైల్డ్‌మైండర్‌కి గ్యాస్, కరెంటు బిల్లుల్లో 33 శాతం ఖర్చుగా రాసుకోవచ్చు. నీళ్ళ బిల్లు, కౌన్సిల్ ట్యాక్స్, అద్దెల్లో 10 శాతం చొప్పున. ఇంటి సామాను అరుగుదలకి ఆదాయంలో 10 శాతం. మా వాట్సాప్ గ్రూపులో ఒకావిడ ‘ఏడాది మొత్తానికీ వేసెయ్, ఎవరడుగుతారు’ అంది. అడిగితే ఆవిడ వచ్చి నిలబడుతుందా? ఆ శాతాలు ఇంట్లో పనిచేసిన నెలలకే. హాల్‌కి మారాక ఎంత ఖర్చయిందో అంతే, అదీ నా వాటా వరకే.

ఇక్కడే నా పరువు పోయింది. హాల్ లెక్క చూపించుకుందామని అకౌంటెంట్ దగ్గరికెళ్ళాను. మనవాడే, మా అబ్బాయి వయసుంటుంది. కూర్చోగానే గుంటూరులో బీకాం ఫస్ట్ క్లాస్ అని చెప్పుకున్నా, చెప్పకుండా ఉండాల్సింది. ‘మీరిద్దరూ పార్ట్‌నర్సా ఆంటీ?’ అన్నాడు. ‘అవును బాబూ, పార్ట్‌నర్సే’ అన్నా. కలిసి పనిచేస్తున్నాం కదా మరి! అతను కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. పార్ట్‌నర్‌షిప్‌గా రిజిస్టర్ చేశారా, దానికి వేరే రిటర్న్ ఏది, లాభంలో ఎవరి వాటా ఎంత అని వరసగా అడిగాడు. నేను నీళ్ళు నమిలాను. ఫీజులు వేరు, లాభాలు వేరు అని తెలిశాక ‘అయితే ఊరికే అద్దె పంచుకుంటున్నారు, అంతేగా! బీకాం అన్నారు?’ అని నవ్వాడు. పక్క కుర్చీల్లో కూర్చున్న దంపతులూ నవ్వారు.

ఆ తర్వాత రసీదులడిగాడు. హాల్ బిల్లులన్నీ అక్క పేరు మీదే. జనవరి, ఫిబ్రవరి వాటా నేను క్యాష్ ఇచ్చాను, నా నోట్‌బుక్‌లో ‘అక్కకి 310’ అని రెండుసార్లు పెన్సిల్‌తో ఉంది. ఆ పేజీ చూసి అతనేం అనలేదు, పెన్నుతో దాన్ని నా వైపు నెట్టాడు.

మైలేజీలోనూ కోత పడింది. మైలుకి 45 పెన్నీల లెక్కన ఇంటి నుంచి హాల్‌కి రానూపోనూ రాసుకున్నా. అది ఆఫీసుకెళ్ళడం లాంటిదేనట, కుదరదట. మధ్యాహ్నం హాల్ నుంచి స్కూలుకెళ్ళి పిల్లల్ని తెచ్చేది మాత్రం రాసుకోవచ్చట. పది పౌండ్లలోపు పాలు, బ్రెడ్డు, అరటిపళ్ళకి రసీదు లేకపోయినా రోజూ రాసిన పుస్తకం చాలన్నాడు. ఆ ఒక్క విషయంలో నా పుస్తకం గెలిచింది. మీరూ ఏ రోజుది ఆ రోజే రాసుకోండి, ఆదివారం కూర్చుంటే ఒక్కటీ గుర్తురాదు.

రసీదు రాసివ్వమని అక్కనడగడం వీటన్నిటికంటే కష్టమైంది. ‘నన్ను నమ్మవా?’ అంది. నమ్మకం సంగతి కాదక్కా, పన్ను సంగతి అన్నా. రెండు రోజులు టీ తాగడానికి పిలవలేదు. మూడో రోజు పిల్లలు పడుకున్నాక ఒక కవరు తెచ్చి నా బ్యాగు మీద పెట్టింది. ఏ నెలకి ఎంత ముట్టిందో తేదీలతో సహా రాసి కింద సంతకం చేసింది, హాల్ బిల్లుల జిరాక్సులు కూడా పెట్టింది. నేను థాంక్స్ అనేలోపే తన నోట్‌బుక్ తెరిచి, ‘ఆ మ్యాట్ల బిల్లు నీ పేరునే ఉందిగా, నేనిచ్చిన 43 పౌండ్లకి నాకూ ఒకటి రాసివ్వు. తేదీ మర్చిపోకు’ అంది.