ఏడు కుట్లు, 23 లీటర్లు

నా కుడి అరచేతిలో బొటనవేలి కింద వంకర మచ్చ ఒకటుంది. ఏమైందని ఎవరైనా అడిగితే "వైన్ చేస్తుంటే తెగింది" అంటాను. తాగి పడ్డాడేమో అన్నట్టు చూస్తారు. ఆ రోజు నేను చుక్క కూడా ముట్టలేదు. పైగా అప్పటికి ఆ సీసాలో వైనే లేదు.

ఇంట్లో వైన్ చేయడం మొదలుపెట్టిన రెండో ఏడాది. నా దగ్గర 23 లీటర్ల గాజు కార్బాయ్ ఉండేది. సన్నమెడ, లావు పొట్ట ఉండే పెద్ద సీసా. వైన్ తేరుకున్నాక సైఫన్ ట్యూబుతో ఇంకోదానిలోకి లాగేశాను. అడుగున రెండు వేళ్ల మందాన ఊదారంగు మడ్డి మిగిలింది. అప్పుడే కడిగేస్తే గొడవే లేదు. బద్ధకించాను. మర్నాటికల్లా అట్టకట్టింది. చన్నీళ్లకు కదల్లేదు, మూలలకి బ్రష్ అందలేదు. విసుగొచ్చి కెటిల్‌లో నీళ్లు మరగబెట్టి, గరాటు పెట్టి పోసేశాను.

"టిక్" మంది. గోరుతో గ్లాసు మీద కొట్టినంత చిన్న చప్పుడు. కెటిల్ మూతేమో అనుకున్నాను. నీళ్లు తిప్పుదామని ఎడమ చేత్తో మెడ పట్టుకుని, కుడి చెయ్యి కింది అంచున వేసి ఎత్తాను. సీసా లేచింది, అడుగు లేవలేదు. పళ్లెంలా గుండ్రంగా ఊడి సింకులోనే ఉండిపోయింది. దాని మీద మడ్డి చాలావరకు అలాగే ఉంది. పైభాగం చేతిలోంచి జారుతూ అరచేతిని కోసుకుంటూ దిగింది. నొప్పి వెంటనే తెలియలేదు. సింకులో నీళ్లు ఎర్రబడితే వైన్ మడ్డే అనుకున్నాను.

అక్క పరుగెత్తుకొచ్చింది. తెగినచోట ఒక చిన్న ముక్క గుచ్చుకుని ఉంటే పీకబోయాను. "పీకకురా, ఉండనీ. చెయ్యి పైకెత్తు" అని, ముక్క మీద వత్తకుండా దాని చుట్టూ టవల్‌తో అదిమి పట్టుకుంది. అదే సరైన పని అని ఆసుపత్రిలోనూ చెప్పారు. గుచ్చుకున్న గాజు కొన్నిసార్లు రక్తాన్ని ఆపుతూ ఉంటుంది, ఇంట్లో లాగేస్తే ధారగా పోవచ్చు. డాక్టర్ బొటనవేలు ముడవమన్నారు, ముడిచాను. స్నాయువు తెగలేదు, ఏడు కుట్లతో పోయింది.

కుట్లు మానేలోపు చదువుకోవడానికి బోలెడంత తీరిక దొరికింది. ఈ సీసాలు మామూలు సోడా-లైమ్ గాజుతో చేస్తారు. ల్యాబుల్లో వాడే బోరోసిలికేట్‌తో పోలిస్తే ఇది వేడికి దాదాపు మూడు రెట్లు వ్యాకోచిస్తుంది. మందంగా ఉంది కదా, గట్టిదే అనుకుంటాం. వేడి విషయంలో ఆ మందమే శత్రువు. లోపలి పొర వేడెక్కి సాగబోతుంది, బయటి పొర ఇంకా చల్లగానే ఉంటుంది. అలా బయటి పొర మీద లాగుడు పడుతుంది. గాజు నొక్కుడుకి బాగా ఓరుస్తుంది, లాగుడికి ఓర్వదు. ఆ పొర మీద ఉన్న సన్నని గీతల దగ్గరే పగులు మొదలవుతుంది. గాజు బలాన్ని తేల్చేది ఇలాంటి చిన్న చిన్న లోపాలేనని గ్రిఫిత్ అనే ఇంజనీరు 1921లోనే రాశాడు. నా కార్బాయ్ అడుగున ఆ గీతలు గీసింది నేనే. నిండు సీసాను ఎత్తలేక రెండేళ్లుగా గట్టు మీద ఈడ్చాను మరి. ఆ రోజు వేడినీళ్లు చేసింది మిగతా సగం పనే.

ఇప్పుడు కడగడానికి గోరువెచ్చని నీళ్లకు మించి వాడను. మడ్డి అంటుకుంటే క్లీనర్ కలిపి రాత్రంతా నానబెడతాను. సీసా కింద ఎప్పుడూ రబ్బరు మ్యాటు ఉంటుంది.

ఇక బరువు. 23 లీటర్ల వైన్, గాజుతో కలిపి 30 కిలోలకు అటూ ఇటూ. మెడకు బిగించే పిడి ఖాళీ సీసాను మోయడానికే. నిండుదాన్ని దానితో ఎత్తితే బరువంతా మెడ మీదే పడుతుంది. సైఫన్ పనిచేయాలంటే పై సీసా ఎత్తులో ఉండాలి కాబట్టి, ఖాళీగా ఉన్నప్పుడే బల్ల మీద పెట్టి అక్కడే నింపుతాను. తప్పనిసరిగా కదపాల్సి వస్తే ప్లాస్టిక్ క్రేటులో పెట్టి ఇద్దరం పట్టుకుంటాం. తడి చేతులతో మాత్రం ముట్టుకోం.

గ్యాస్ సంగతి వేరు. లీటరు రసంలో 200 గ్రాముల చక్కెర ఉంటే, అదంతా పులిసేసరికి 50 లీటర్ల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మొదటి ఏడాది పండ్ల గుజ్జుతో సహా సన్నమెడ సీసాలో పోశాను. తొక్కలు తేలి ఎయిర్‌లాక్‌కు (గ్యాస్‌ను బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని గొట్టానికి) అడ్డుపడ్డాయి. అర్ధరాత్రి రబ్బరు బిరడా ఎగిరి సీలింగుకు తగిలింది. ఆ మరక ఇప్పటికీ ఉంది. నవ్వుకుంటాం గానీ, ఆ బిరడా ఇంకాస్త బిగుతుగా ఉండి ఉంటే సీసాయే పగిలేది. అందుకే గుజ్జు ఉన్నన్నాళ్లూ వెడల్పు మూతి ప్లాస్టిక్ బకెట్టే వాడతాను.

బాటిళ్లలో నింపేటప్పుడు తొందరపడేవాళ్లను చూస్తే నాకు నిజంగా టెన్షన్. లీటరుకు 4 గ్రాముల చక్కెర మిగిలి, అది బిగించిన బాటిల్‌లో పులిస్తే సుమారు ఒక అట్మాస్ఫియర్ (మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడంత) ఒత్తిడి పెరుగుతుంది. 20 గ్రాములైతే ఐదు. షాంపేన్ బాటిల్‌ను అలాంటి ఒత్తిడి కోసమే మందంగా చేస్తారు, మామూలు వైన్ బాటిల్‌ను కాదు. బుడగలు ఆగాయి కదా అని నమ్మకూడదు. హైడ్రోమీటర్ (నీటితో పోల్చి వైన్ సాంద్రత చూపే పరికరం) 1.000 కంటే కిందికి వచ్చి, కొన్ని రోజులు కదలకుండా ఉండాలి. బాటిళ్లలో ఒత్తిడి పెరిగిందని అనుమానమొస్తే కళ్లద్దాలు, మందపాటి గ్లౌజులు వేసుకుని, టవల్ చుట్టి, ముందు ఫ్రిజ్‌లో బాగా చల్లబరచి అప్పుడు మూత వదులు చేయాలి.

ఒకసారి ఐదు లీటర్ల జగ్గు మూతి దగ్గర చిన్న పెంకు లేచింది. ముక్క దొరకలేదు. పల్చటి గుడ్డలో వడకడితే సరిపోతుందని అక్కతో అరగంట వాదించాను. "ఆ ముక్క దొరికిందా?" అని ఒకటే ప్రశ్న అడిగింది. ఐదు లీటర్లూ పారబోశాను. చాలా రోజులు బాధపడ్డాను కూడా.

పెద్ద సైజుకి ఇప్పుడు ఎక్కువగా పెట్ (PET) ప్లాస్టిక్కే వాడుతున్నాను. దానిలోంచి ఆక్సిజన్ కొద్దిగా లోపలికి పోతుంది, నెలల తరబడి ఉంచాల్సిన వైన్‌కు అంత మంచిది కాదు. అందుకని ఒక్క గాజు కార్బాయ్ మాత్రం ఉంచుకున్నాను. నిన్న దాన్ని కడగడానికి కూర్చుంటే అక్క వెనకనుంచి వచ్చి, బకెట్‌లో వేలు ముంచి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది.