అక్క సూది, మనవడి సూది

మొన్న బుధవారం అక్క మనవడికి ఆరు వారాల టీకాలు వేయించడానికి సబ్‌సెంటర్‌కి వెళ్ళాం. ఒక తొడకి పెంటావాలెంట్ పడగానే వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఏఎన్ఎం రెండో తొడ తుడుస్తుంటే, "ఇంకోటేంటమ్మా? మా అమ్మాయప్పుడు లేదే" అంది అక్క. "ఇది పీసీవీ అమ్మా, నెమ్ము రాకుండా" అని ఆ అమ్మాయి చెప్పింది. నేను ఊరుకోవచ్చుగా! "న్యూమోకాకస్ అనే క్రిమికక్కా. నీకొచ్చిన దానికి చుట్టమే, రెండూ స్ట్రెప్టోకాకస్‌లే" అన్నాను. అక్క సూది వైపే చూస్తూ, "మరి నాదానికి లేదేమే?" అంది.

నేను మైక్రోబయాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్ని. ఏడుస్తున్న పిల్లాడి పక్కన చెప్పే జవాబు కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

అక్కకి పదకొండో ఏట గొంతునొప్పి వచ్చింది. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే తగ్గింది. మూడు వారాలకి మోకాలు వాచింది, అది తగ్గుతుండగా మోచెయ్యి. ఎదిగే పిల్లకి నొప్పులు మామూలేనంది నాయనమ్మ. గుంటూరు తీసుకెళ్తే కీళ్ళజ్వరం అన్నారు, అప్పటికే గుండె కవాటం కూడా దెబ్బతింది. అది తిరగబెట్టకుండా అప్పట్నించి 21 రోజులకోసారి పెనిడ్యూర్ అనే పెనిసిలిన్ సూది, 12 లక్షల యూనిట్లు. కలిపితే పల్చటి సున్నంలా ఉంటుందా మందు. సన్న సూదిలోంచి దిగదు, కాస్త ఆలస్యమైతే సూదిలోనే అడ్డుపడుతుంది. వచ్చేటప్పుడు కూర్చోడానికని నాన్న సైకిల్ క్యారేజీకి దిండు కట్టేవాడు. అమ్మ క్యాలెండర్లో తిథుల పక్కన ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టేది. పెళ్ళయ్యాక ఆ సున్నాలు అత్తారింటికి వెళ్ళాయి. ముప్ఫై దాటాక కవాటానికి బెలూన్ వేసి వెడల్పు చేశారు. ఇప్పటికీ సూది ఆపొద్దన్నాడు డాక్టరు.

ల్యాబ్‌లో క్రిములు పెంచే, గొర్రె రక్తం కలిపిన ప్లేటు మీద ఈ చుట్టాలిద్దరినీ చూస్తే ఇట్టే తేడా తెలుస్తుంది. అక్క గొంతులో చేరింది గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్. చుట్టూ ఉన్న రక్తాన్ని పూర్తిగా తినేస్తుంది. ఆ వలయం కింద పేపరు పెడితే అక్షరాలు చదవొచ్చు. న్యూమోకాకస్ చుట్టూ మాత్రం పచ్చగా, పసరు పూసినట్టుంటుంది. ఇంకో రోజు ఉంచితే దాని కాలనీ, అంటే క్రిముల గుంపు, అంచు లేచి, మధ్యలో దిగబడి, క్యారమ్స్ కాయిన్‌లా అవుతుంది. తనని తానే కరిగించుకునే రకం. మహా సుకుమారి కూడా. దానికి కార్బన్ డయాక్సైడ్ కావాలి. అందుకని ప్లేట్లని డబ్బాలో పెట్టి, పైన కొవ్వొత్తి వెలిగించి మూత బిగించేవాళ్ళం. కొవ్వొత్తి ఆరిపోయిందంటే లోపల సరిపడా ఉన్నట్టు. కొత్తలో నేను ఒక పిల్లాడి వెన్నునీటిని జాగ్రత్త చేస్తున్నాననుకుని ఫ్రిజ్‌లో పెట్టాను. చలికి ఈ క్రిమి చచ్చిపోతుందని ఆ రోజే నేర్చుకున్నా, మా సీనియర్ చేత తిట్లు తిని.

శాంపిల్ దాకా వచ్చినా చాలాసార్లు ఏమీ పెరగదు. పిల్లాడు డొక్కలెగరేస్తున్నాడంటే ఊళ్ళోనే ఏదో ఒక యాంటీబయాటిక్ పడి ఉంటుంది. అందుకే మా ప్లేట్లు ఖాళీగా ఉన్నాయని ఆ జబ్బు లేనట్టు కాదు.

న్యూమోకాకస్ బలమంతా ఒంటికున్న చక్కెర పూతలో ఉంది. ఆ పూతని బట్టి వందకు పైగా రకాలు. పూతనొక్కదాన్నే టీకాగా ఇస్తే పెద్దవాళ్ళ ఒళ్ళు గుర్తుపడుతుంది గానీ, రెండేళ్ళలోపు పిల్లల ఒళ్ళు పట్టించుకోదు. ఆ చక్కెరని ఒక ప్రోటీన్‌కి తగిలించి ఇస్తే పసివాళ్ళకీ పనిచేసింది. అలా ఏడు రకాలతో 2000లో అమెరికాలో మొదలైంది. నాకు భలే నచ్చిన సంగతేంటంటే, అక్కడ టీకా వేసింది పిల్లలకి, జబ్బు తగ్గింది ముసలివాళ్ళక్కూడా. ఈ క్రిమి ఉండేది పిల్లల ముక్కుల్లో. ముక్కు కారే మనవడే కదా అమ్మమ్మని ముద్దుపెట్టుకునేది! ఏడు రకాలు ఖాళీ చేసిన చోట 19ఏ అనే ఇంకో రకం వచ్చి కూర్చుంది. 2010లో వచ్చిన 13 రకాల టీకాలో దాన్నీ చేర్చారు.

మా అబ్బాయికి 2011లో బయట వేయించాను. డోసు నాలుగు వేలకి దగ్గర, నాలుగు డోసులు. జీతం ఎంతో నాకు తెలుసు కాబట్టి ఆ బిల్లులు ఇంకా గుర్తే. ప్రభుత్వం 2017లో హిమాచల్ ప్రదేశ్, బీహార్, యూపీల్లో మొదలుపెట్టి, 2021కి మన రెండు రాష్ట్రాలతో సహా దేశమంతా ఉచితంగా ఇచ్చింది. పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ పది రకాల న్యూమోసిల్ 2020 డిసెంబరులో వచ్చింది. అందులోనూ 19ఏ ఉంది.

ఇక అక్క ప్రశ్న. గ్రూప్ ఏ ఒంటి మీద ఎం ప్రోటీన్ అని ఒకటుంటుంది, అదీ రెండొందలకు పైగా రకాలు. దాని మీదకి మన ఒళ్ళు తయారుచేసుకున్న ఆయుధాలే పొరబడి గుండె కవాటాన్ని కొడతాయి. అంటే టీకాయే ఆ పొరపాటు చేయిస్తే? అమెరికాలో 1960ల్లో ఎం ప్రోటీన్ టీకా వేసిన కొందరు పిల్లలకి కీళ్ళజ్వరం వచ్చింది. ఆ భయంతో 1979లో పెట్టిన నిషేధం 2006 దాకా తీయలేదు. ఇప్పుడు ప్రయోగాలు జరుగుతున్నాయి, టీకా మాత్రం ఇంకా చేతికి రాలేదు. ఒక్క మేలు, పెనిసిలిన్‌కి గ్రూప్ ఏ ఇప్పటికీ లొంగుతుంది. న్యూమోకాకస్ మొండికేయడం ఎప్పుడో నేర్చుకుంది.

ఇదంతా ఆటోలో కొంచెం కొంచెం చెప్పాను. సగం విందో లేదో, ఒళ్ళో పిల్లాణ్ణి జోకొడుతూ, "ఈ నెమ్ము సూది వీడికి మళ్ళీ ఎప్పుడు?" అంది.

"పధ్నాలుగో వారం, తర్వాత తొమ్మిదో నెల. అంతే."

"మొత్తం మూడేనా?"

తనకి ఏడాదికి పదిహేడు. ఇల్లు రాగానే దిగుతూ, శుక్రవారం తన సూది ఉందని, తోడు రమ్మని గుర్తుచేసింది.