ఉయెనోలో చెల్లని నోటు: ఒక గిన్నె రామెన్ కోసం పడ్డ పాట్లు

జపాన్ నుంచి మొన్ననే దిగాం. వీసా సంగతి టూర్ వాళ్ళే చూసుకున్నారు, విమానం ఢిల్లీ మీదుగా వేళకే చేరింది. ఇబ్బందల్లా తిండితోనే. ఎక్కడికెళ్ళినా బస్సు తీసుకెళ్ళి ఇండియన్ రెస్టారెంట్ ముందే ఆపేవారు. అదే పనీరు, అదే నాన్, పసుపు నీళ్ళలాంటి అదే పప్పు. గుంటూరులో మా వీధి చివర ఇంతకంటే మంచి పనీరు దొరుకుతుంది, దానికి ఫుజి కొండ దాకా వెళ్ళాలా?

అందుకే టోక్యోలో, ఉయెనోలో బస చేసిన రాత్రి, మాకు డిన్నర్ వద్దు, బయట రామెన్ (వేడి పులుసులో వేసిచ్చే జపాన్ నూడుల్స్) తింటామని టూర్ మేనేజర్‌తో చెప్పాను. "చాలా ఈజీ మేడం, మిషన్‌లో డబ్బులేసి బటన్ నొక్కడమే" అన్నాడు. ఆ అబ్బాయి ఎప్పుడైనా నొక్కాడో లేదో దేవుడికే తెలియాలి.

మా ఆయన కోడి తింటారు గానీ పంది మాంసం ముట్టరు. రామెన్‌లో ఇదే పెద్ద చిక్కు. ఫుకుఓకా వైపు పేరుపడ్డ తొన్‌కొత్సు రకమైతే పూర్తిగా పంది ఎముకలు మరిగించిన పులుసు. మిసో (పులియబెట్టిన సోయా ముద్ద), సోయా అని చెప్పేవాటిలో కూడా అడుగున ఎముకల రసమో చేపల రసమో ఉండటం మామూలే. పైన కూరగాయలు కనబడ్డాయి కదా అని శాకాహారులు మోసపోకండి. మీకు టోక్యో స్టేషన్‌లో, టికెట్ గేట్ల లోపల, టీస్ తాన్‌తాన్ అని మాంసం, చేప, గుడ్డు ఏదీ లేకుండా చేసే షాపు ఉంది, అక్కడికి వెళ్ళండి. మాలాంటి వాళ్ళకి తొరి పైతాన్ నయం, కోడి ఎముకల పులుసు. తొరి అంటే కోడి, బుతా అంటే పంది. ఈ రెండు మాటలు నేర్చుకుంటే చాలు.

షాపు ఒక సందులో ఉంది. కౌంటర్ వెంబడి వరసగా స్టూళ్ళు, గుమ్మం పక్కనే మిషన్, వీధిలోకి క్యూ. ముందు ఆ మిషన్‌లో తిండికి టికెట్ కొనాలి, తర్వాతే కూర్చోవాలి. మా వంతు వచ్చింది.

నేను బ్యాంకులో క్యాషియర్‌గా చేరి బ్రాంచి మేనేజర్‌గా రిటైరైన మనిషిని. నోటు వేళ్ళకు తగిలితే చాలు, మంచిదో కాదో చెప్పేస్తాను. గుంటూరులో ఫారెక్స్ వాళ్ళు నాకు అన్నీ కొత్త పదివేల యెన్ల నోట్లే అంటగట్టారు. దాని మీద బొమ్మ షిబుసావా ఎయిచిది, 1873లో జపాన్‌లో మొట్టమొదటి ఆధునిక బ్యాంకు నెలకొల్పిన పెద్దమనిషి. మా వృత్తి వాడే కదా అని మురిసిపోతూ దూర్చాను. మిషన్ బయటికి తోసేసింది. నలిగిందేమోనని సాపు చేసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ తోసేసింది. బటన్లలో ఒక్కటీ వెలగలేదు. డబ్బు పడితే గానీ అవి వెలగవు.

వెనక పదిమందికి తక్కువ లేరు. మన దగ్గరైతే ఈపాటికి ఒకరు "అటు తిప్పి పెట్టండమ్మా" అనేవారు, ఇంకొకరు నా చేతిలో నోటు లాక్కుని తనే దూర్చేవారు. అక్కడ ఒక్కరు నోరు మెదపలేదు. చిరాకు పడినా బాగుండేది. నా వెనకున్న ముసలాయన తన బూట్లకేసి చూసుకుంటూ నిలబడ్డాడు. ఆ మౌనానికి నాకు చెమట పట్టింది.

"ఏవండీ, చిల్లర తెస్తాను" అని మా ఆయన్ని అక్కడే వదిలి మూలనున్న చిన్న స్టోరుకి పరిగెత్తాను. టీ సీసా కొంటే చిల్లర వచ్చింది, వెయ్యి యెన్ల నోట్లు, రెండు రంగుల అయిదువందల బిళ్ళలు. తిరిగొచ్చేసరికి మా ఆయన మర్యాదకు పోయి అందరినీ ముందుకు పంపి, క్యూ చివర నిలబడి ఉన్నారు. లెక్చరరు గారు మరి!

మళ్ళీ మా వంతు. వెయ్యి నోటు పెట్టాను, తోసేసింది. ఇంకోటి, అదీ అంతే. అయిదువందల బిళ్ళ వేస్తే కింద తొట్టిలోకి ఖంగుమని జారిపడింది. ఇంకోటి వేశాను. ఖంగు. ఈసారి లోపల తింటున్నవాళ్ళు కూడా తలెత్తారు. "పోనీ ఆ పనీరే తిందామే" అన్నారు మా ఆయన చిన్నగా. ఆ మాటతో నాకు పట్టుదల వచ్చింది.

లోపలినుంచి తలకు తువ్వాలు చుట్టుకున్న కుర్రాడు వచ్చి వంగి దణ్ణం పెట్టి, మిషన్ పైన అంటించిన కాగితం చూపించాడు. కొత్త నోటు బొమ్మ, దాని మీద అడ్డగీత. నా చేతిలోని కొత్త వెయ్యి నోట్లు తీసుకుని గల్లాపెట్టెలోంచి పాతవి ఇచ్చాడు. అలవాటు కొద్దీ వాటిని లైటుకి ఎత్తి చూశాను. కుర్రాడు బిత్తరపోయాడు. ఏం చేయను, వృత్తి ధర్మం.

తర్వాత విషయం కనుక్కున్నాను. 2024 జూలై 3న వాళ్ళు పదివేలు, అయిదువేలు, వెయ్యి యెన్ల నోట్లు మార్చారు, అయిదువందల బిళ్ళనైతే 2021లోనే. పాతవేవీ రద్దు చేయలేదు. 1885 నాటి ఒక యెన్ నోటు కూడా ఇప్పటికీ చెల్లుతుంది! కానీ కొత్త మిషన్‌కి లక్షల యెన్లు, గిన్నె అమ్మేది వెయ్యికి. చిన్న షాపువాడు ఎందుకు మారుస్తాడు? 2016 నవంబరులో మన పెద్ద నోట్లు రద్దయినప్పుడు నేను కౌంటర్‌లో ఉన్నాను. పాత నోటు చెల్లదు, కొత్త రెండువేల నోటు సైజు ఏటీఎంలకు పట్టదు. జనం నన్ను తిట్టారు, నోటు కొట్టింది నేనే అన్నట్టు. జపాన్‌లో నోటు మార్చినా కనీసం ఎవరి దాచుకున్న సొమ్మూ చిత్తు కాగితం కాలేదు. ఈ మాట మా బ్యాంకులో వాళ్ళకి చెప్తే రాజకీయం అంటారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మిగతాదంతా నల్లేరు మీద నడకే. ఏ బటన్ తెలియకపోతే పైన ఎడమపక్కది నొక్కండి, సాధారణంగా ఆ షాపు పేరుపడ్డ వంటకం అదే. మిగిలిన చిల్లర కోసం మీట తిప్పాలి. చీటీ కౌంటర్ మీద పెడితే ఆర్డరైనట్టే. సంచులు పెట్టుకోవడానికి స్టూలు కింద బుట్ట ఉంటుంది. చల్లటి నీళ్ళు ఉచితం.

పులుసు గంజిలా తెల్లగా, చిక్కగా ఉంది. పైన కోడి ముక్కలు, వెదురు మొలకలు, సోయాలో నానిన సగం ఉడికిన గుడ్డు. ఆ గుడ్డు చూసి మా ఆయన మొహం మాడ్చారు, నేనే రెండూ తినేశాను. కౌంటర్ మీద ఎర్రటి మిరప నూనె సీసా ఉంటే సగం ఒంపుకున్నాను. కుర్రాడు కంగారుగా చూశాడు. నాయనా, మాది గుంటూరు. జుర్రుకుంటూ తినడం అక్కడ తప్పు కాదు, ఇంట్లో నా చేత తిట్లు తినే మనిషి ఆ రాత్రి కసిదీరా జుర్రుకున్నారు.

కబుర్లు చెప్పుకుంటూ కూర్చోకండి, బయట జనం నిలబడి ఉంటారు. టిప్పు ఇవ్వకండి, తీసుకోరు. వంద యెన్ల బిళ్ళలు గుప్పెడు దగ్గర పెట్టుకోండి, వాటిని ఏ పాత మిషనూ కాదనదు.

ఆ రాత్రి మేం తినని డిన్నర్ డబ్బులు తిరిగివ్వమని టూర్ వాళ్ళకి రాశాను. "ప్యాకేజీలో రిఫండ్ ఉండదు మేడం" అని జవాబొచ్చింది. రసీదు కాపీ జతచేసి ఇవాళ మళ్ళీ రాశాను.