18 కిలోలు

బుధవారం రాత్రి, 10:40. లెంట్ కూడికకు, అంటే ఈస్టర్‌కు ముందొచ్చే శ్రమదినాల ప్రార్థనకు, పోలేదు. ఈ శ్రమదినాల్లో ఒక్క బుధవారం కూడా తప్పకూడదనుకున్నాను. మూడో వారానికే తప్పింది.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఇప్పుడు మిర్చి సీజన్. గేటు దాటకముందే గొంతులో ఘాటు పట్టుకుంటుంది, ఇంటికొచ్చి స్నానం చేసినా చేతులు మండుతూనే ఉంటాయి. పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు పై ధర తేల్చే వేలం, అయ్యాక ఇక ఊపిరాడదు. కాంటాలు, హమాలీల కేకలు, రైతుల ఎదురుచూపులు. తూకం వేసే దడువాయి రాసిన లెక్కలను తక్‌పట్టీలో, అంటే రైతుకిచ్చే లెక్క చీటీలో, ఎక్కించడం అడ్తి (కమీషన్) దుకాణంలో గుమాస్తాగా నా పని. ములుగు అవతలి నుంచి ఒక పెద్దాయన 22 బస్తాలు తెచ్చాడు. క్వింటాలుకు 14,000 పడింది. రెండు గంటలకల్లా డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆరున్నరకు చీటీలతో నా రాత సరిచూస్తుంటే పదమూడో బస్తా దగ్గర చెయ్యి ఆగింది. దడువాయి చీటీలో 42. నా తక్‌పట్టీలో 24. అంకెలు తిరగేసి రాశాను. 18 కిలోలు. 2,520 రూపాయలు.

ఐదు నిమిషాలు ఆ కాగితం చూస్తూ కూర్చున్నాను. ఆయన అడగడు. ఏ బస్తా ఎంత తూగిందో ఏ రైతుకు గుర్తుంటుంది? సేటుకు చెప్తే తిట్లు. అవతల కూడికకు టైమవుతోంది. పోయేది దేవుని సన్నిధికే కదా, ఇది రేపు చూద్దాం అనే ఆలోచన కూడా వచ్చింది. ఆ ఆలోచనకే నేను భయపడ్డాను. ‘దొంగత్రాసు యెహోవాకు హేయము’ అని సామెతలు 11వ అధ్యాయంలో మొదటి మాట. సండే స్కూల్లో కంఠతా పట్టాను. అది కాంటా పట్టేవాళ్లకు చెప్పిన మాట అనుకున్నాను ఇన్నాళ్లూ. పెన్ను పట్టినవాడికి కూడా అదే మాట.

సేటుకు చెప్పాను. ఆయన తిట్టలేదు, అదే కష్టంగా అనిపించింది. “సరుకు కొన్న ఖరీదుదారు ఆ పైసలియ్య ఒప్పుకుంటే సరే. లేకుంటే నీ జీతంల పట్టుకుంట” అన్నాడు. సరే అన్నాను.

పెద్దాయనకు ఫోన్ చేస్తే అసలు టెన్షన్ అక్కడ మొదలైంది. “మీకు డబ్బులు రావాలి కాకా, ఫోన్‌పే నంబరు చెప్పండి” అనగానే కట్ చేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఫోన్లో మోసం చేసేవాళ్లు మాట్లాడేది కూడా ఇట్లాగే కదా, ఆయన తప్పేం లేదు. చివరికి బస్తాలు తెచ్చిన టాటా ఏస్ డ్రైవర్ నంబరు సంపాదించాను. ఆ తమ్ముడు వాళ్లింటికి పోయి, తన ఫోన్ ఆయన చేతికిచ్చి మాట్లాడించేసరికి ఎనిమిదిన్నర. కొడుకు నంబరుకు నా డబ్బే పంపాను.

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “నువ్వు ఎవలోళ్లవు బిడ్డా?” అని అడిగాడు.

“మాది డోర్నకల్ దిక్కు కాకా. చర్చికి పోతం” అన్నాను. “తప్పు నాదే, మంచిగ చూసుకోలే” అని కూడా అన్నాను. అంతకుమించి నోరు రాలేదు.

అన్నం తింటూ అమ్మకు చెప్తే, ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి ముత్తాత సంగతి ఎత్తింది. 1912లో డోర్నకల్‌కు బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్, బాప్తిస్మం తీసుకున్న ప్రతి ఒక్కరి చేతిని వాళ్ల తల మీదే పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని చెప్పించేవాడు. మా ముత్తాత కూడా అట్లా చెయ్యి పెట్టుకున్నవాడే. అక్షరం రాని కూలి మనిషి. “ఆయన పొలంగట్ల మీద కూడ యేసయ్య గురించి చెప్పేటోడట. నువ్వు ఇంక రెండు మాటలు చెప్పాల్సింది” అంది అమ్మ.

అప్పటి నుంచి అదే ఆలోచన. ఆదివారం సాక్ష్యాల సమయంలో ఒకరు జబ్బు నయమైందని, ఒకరు కొడుక్కి ఉద్యోగం వచ్చిందని లేచి చెప్తారు. నాకు ఎప్పుడూ లేవాలనిపించలేదు, చెప్పడానికి ఏముందని. ఇవాళ చెప్పే సందు దొరికి కూడా చెప్పలేదు. కానీ ఆయన డబ్బు ఆయనకు తిరిగిస్తూ యేసయ్య గురించి వినమంటే, ఆ 18 కిలోలకు బదులుగా ఏదో అడిగినట్టు అవుతుందనిపించింది. అమ్మ మాట తప్పని అనను. ముత్తాత నోటితో చెప్పాడు, ఆ ఊరివాళ్లు ఆయన బతుకు కూడా రోజూ చూశారు. ఈ కాకా నన్ను చూసింది ఒక్క పూట, అదీ తప్పు రాస్తూ.

ఇంకో పదిహేను రోజులకు మళ్లీ కాయ ఏరిస్తారట. ఫోన్ పెట్టేముందు ఆయన తన భార్య మోకాళ్ల నొప్పుల గురించి చెప్పాడు, వరంగల్‌లో ఎవరికి చూపియ్యాలని అడిగాడు. రేపు కనుక్కుని చెప్తానన్నాను. ప్రార్థన పుస్తకంలో ఇద్దరి కోసం ఒక లైను రాసుకున్నాను. పొద్దున్నే డాక్టర్ సంగతి అడగాలి, ఆ తర్వాత ఖరీదుదారు దగ్గరికి పోవాలి.