మీ హక్కు ఏ కాగితం మీద రాసి ఉంది?

అమెరికా వీసాల మీద వాట్సాప్‌లో ఏ వార్త వచ్చినా మనవాళ్ళు ముందు అడిగేది "ఎప్పటినుంచి అమలు?" అని. అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇది ఎక్కడ రాసి ఉంది? రాజ్యాంగంలోనా, కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చేసిన చట్టంలోనా, ఒక శాఖ పెట్టిన రూలులోనా, ఆ శాఖ తన ఆఫీసర్ల కోసం రాసుకున్న మెమోలోనా? పైమెట్టు మీద ఉన్నదాన్ని కదిలించడం తరాల పని. అడుగుమెట్టు మీదిది ఒక్క సంతకంతో పోతుంది. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళు ఇల్లు కొనాలా, పిల్లల చదువు ఎక్కడ ప్లాన్ చేసుకోవాలా అని ఆలోచించేటప్పుడు ఈ తేడా తెలిసి ఉండాలి.

మెమో ఎంత బలహీనమో చూడండి. అదే కంపెనీ, అదే ఉద్యోగం, ఒకసారి ఆమోదించిన హెచ్-1బి పిటిషన్ (కంపెనీ వేసే దరఖాస్తు). అలాంటిది ఎక్స్‌టెన్షన్‌కి వస్తే మళ్ళీ మొదటినుంచి తవ్వొద్దని 2004లో ఇమిగ్రేషన్ శాఖ మెమో ఇచ్చింది. 2017 అక్టోబరులో దాన్ని తీసేశారు. అప్పటిదాకా ఏ ఇబ్బందీ లేనివాళ్ళకు కూడా "నీ ఉద్యోగం స్పెషాలిటీ ఆక్యుపేషన్ (ప్రత్యేక డిగ్రీ చదువు కావాల్సిన పని) అని మళ్ళీ నిరూపించు" అంటూ ఆర్‌ఎఫ్‌ఈలు, అంటే మరిన్ని ఆధారాలు అడిగే నోటీసులు, వచ్చాయి. చట్టంలో ఒక్క అక్షరం మారలేదు. 2021లో ఆ పద్ధతిని తిరిగి తెచ్చారు, 2025 జనవరి 17 నుంచి దాన్ని ఏకంగా రూలులోకి ఎక్కించారు. ఇప్పుడు తీసేయాలంటే ప్రతిపాదనను ఫెడరల్ రిజిస్టర్‌లో (కేంద్ర ప్రభుత్వ గెజిట్) అచ్చువేయాలి, జనం అభిప్రాయాలు తీసుకోవాలి (మామూలుగా 30 లేదా 60 రోజులు), ముఖ్యమైన అభ్యంతరాలకు జవాబు రాయాలి, ఆ తర్వాతే తుది రూలు. 1946 నాటి పరిపాలనా విధానాల చట్టం చెప్పే పద్ధతి ఇది. సరైన కారణం లేకుండా ఇందులో ఏ మెట్టు దాటేసినా కోర్టులో ఆ రూలు నిలవడం కష్టం.

హెచ్-4 వాళ్ళ (హెచ్-1బి వాళ్ళ భార్య లేదా భర్త) వర్క్ పర్మిట్ అలాంటి రూలే. 2015 మేలో అమల్లోకి వచ్చింది. రద్దు చేస్తామని 2017 నుంచి ప్రభుత్వం చెబుతూ వచ్చినా ఆ ప్రతిపాదన అచ్చుకే రాలేదు, 2021 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. ఇంకోవైపు, అలాంటి రూలు పెట్టే అధికారమే శాఖకు లేదని 2015లో వేసిన దావా ఏళ్ళ తరబడి నడిచింది. 2024లో అప్పీల్ కోర్టు రూలును నిలబెట్టింది, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు తీసుకోలేదు. అయినా ఇది ఇప్పటికీ రూలే. పద్ధతి ప్రకారం వెళితే తీసేయొచ్చు. ఇంటి లోన్ రెండు జీతాల మీద లెక్కేసుకునే దంపతులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఉద్యోగం పోతే ఇచ్చే 60 రోజుల గడువూ రూలే. అది కూడా 2017 జనవరిలోనే వచ్చింది, పైగా ఆఫీసర్ తగ్గించే వీలుంది. హెచ్-1బి ఆరేళ్ళ పరిమితి దాటాక ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆధారంగా దొరికే ఎక్స్‌టెన్షన్ అలా కాదు. అది 2000లో కాంగ్రెస్ చేసిన చట్టంలో ఉంది కాబట్టి గట్టిది.

చట్టం మారడం ఎందుకింత కష్టం? మనవాళ్ళందరినీ క్యూలో నిలబెట్టిన, ఒక్కో దేశానికి 7 శాతం గ్రీన్‌కార్డులే అనే పరిమితినే తీసుకుందాం. ఉద్యోగ కేటగిరీల్లో ఏడాదికి సుమారు 1,40,000 గ్రీన్‌కార్డులు, అందులో భార్య, భర్త, పిల్లలూ కలిసే లెక్క. దేశం పెద్దదైనా చిన్నదైనా వాటా ఒకటే. ఈ పరిమితి ఎత్తేసే బిల్లు 2019 జులైలో ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది. సెనేట్‌లో ఓటు లేకుండా ఏకగ్రీవంగా పంపాలని చూస్తే, ఒక్క సభ్యుడు అడ్డం చెప్పినా ఆగిపోతుంది. అలా ఒకరి తర్వాత ఒకరు ఆపారు. చివరికి 2020 డిసెంబరు 2న మార్పులతో సెనేట్ కూడా ఆమోదించింది. కానీ రెండు సభలూ ఒకే పాఠాన్ని, అక్షరం తేడా లేకుండా, ఆమోదించాలి. తేడాలు సర్దుకోకముందే 2021 జనవరి 3న ఆ కాంగ్రెస్ కాలం ముగిసింది, బిల్లు చచ్చిపోయింది. కొత్త కాంగ్రెస్‌లో మళ్ళీ ఒకటో అడుగు. రెండు సభల్లోనూ నెగ్గి కూడా చట్టం కాని ఆ బిల్లును చూస్తే అమెరికా రాజ్యాంగం పనిచేసే తీరు మొత్తం అర్థమవుతుంది.

ఆ తీరు 1787 ఎండాకాలంలో ఫిలడెల్ఫియాలో జరిగిన రాజ్యాంగ సభలో తేలింది. అంతకుముందు 1781 నుంచి రాష్ట్రాల మధ్య ఉన్న ఒప్పందంలో కాంగ్రెస్‌కు పన్ను వేసే అధికారం లేదు, రాష్ట్రాలను అడుక్కోవాలి. అధ్యక్షుడు లేడు, జాతీయ కోర్టులు లేవు. ఆ ఒప్పందాన్ని మార్చాలంటే 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. మసాచుసెట్స్‌లో అప్పులపాలైన రైతులు తిరగబడితే అణచడానికి కేంద్రం దగ్గర సైన్యానికి డబ్బే లేదు. అందుకే రోడ్ ఐలండ్ తప్ప మిగతా 12 రాష్ట్రాల నుంచి 55 మంది చేరారు. జనాభా ప్రకారం సీట్లు కావాలని వర్జీనియా, అందరికీ సమానంగా కావాలని న్యూజెర్సీ పట్టుబట్టాయి. జులై 16న రాజీ కుదిరింది: ఒక సభ జనాభా లెక్కన, రెండోది అన్ని రాష్ట్రాలకూ సమానంగా. ఆ లెక్కలోనే బానిసలను ఐదుకు ముగ్గురుగా కట్టిన ఘోరం కూడా ఉంది. సెప్టెంబరు 17న 39 మంది సంతకాలు పెట్టారు.

మనకు నేరుగా తగిలే మార్పు ఇంకొకటి అక్కడే జరిగింది. పాత ఒప్పందంలో పౌరసత్వం ఏ రాష్ట్రానికా రాష్ట్రం ఇచ్చుకునేది. ఒకచోట సులువుగా పౌరుడైనవాడికి మిగతా రాష్ట్రాలు కూడా హక్కులు ఇవ్వాల్సి వచ్చేది. ఆ రాజ్యాంగ రచనలో ముఖ్యుడైన జేమ్స్ మాడిసన్ దీన్ని పెద్ద లోపంగా ఎత్తిచూపాడు. కొత్త రాజ్యాంగం మొదటి అధికరణం ఎనిమిదో సెక్షన్‌లో, దేశమంతటికీ ఒకే పౌరసత్వ నియమం చేసే అధికారాన్ని కాంగ్రెస్‌కే ఇచ్చింది. ఆ అధికారంతో 1790లో కాంగ్రెస్ చేసిన మొదటి చట్టం "స్వేచ్ఛగా ఉన్న తెల్లవారికే" పౌరసత్వం అంది. ఆ మాట వల్లే పౌరసత్వం కోరిన భారతీయుడు భగత్‌సింగ్ థింద్ 1923లో సుప్రీంకోర్టులో ఓడిపోయారు. భారతీయులకు 1946లో, అదీ ఏడాదికి 100 మంది కోటాతో, తలుపు తెరిచింది కాంగ్రెసే. 1965లో జాతుల కోటాలు ఎత్తేసిందీ కాంగ్రెసే.

ప్రెసిడెంట్ సంగతి వేరు. ఇండియాలో పార్లమెంటు సమావేశాలు లేనప్పుడు రాష్ట్రపతి ఆర్డినెన్స్‌కు చట్టంతో సమానమైన బలం ఉంటుంది. అమెరికాలో అలాంటిదేమీ లేదు. ప్రెసిడెంట్ ఇచ్చే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్‌కు రాజ్యాంగంలోనో, ఉన్న చట్టంలోనో ఆధారం చూపాలి. 1952లో ప్రెసిడెంట్ ట్రూమన్ ఉక్కు మిల్లులను స్వాధీనం చేసుకుంటే సుప్రీంకోర్టు కొట్టేసింది ఇందుకే. కాకపోతే ఇమిగ్రేషన్ చట్టంలో కాంగ్రెసే ఒక పెద్ద తలుపు తెరిచి ఉంచింది: దేశంలోకి విదేశీయుల రాకను ప్రెసిడెంట్ ఆపొచ్చు అనే 212(ఎఫ్) సెక్షన్. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బి పిటిషన్లకు లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన దాని ఆధారంగానే వచ్చింది. సంతకానికీ అమలుకూ మధ్య రెండు రోజులు కూడా లేవు. సెలవుకి ఇండియా వచ్చినవాళ్ళు ఆదరాబాదరా టికెట్లు కొన్నారు. ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకు వర్తించదని మరుసటి రోజు వివరణ ఇచ్చారు. ఇలాంటివి వచ్చినప్పుడు టీవీ స్క్రోలింగ్ కాదు, అసలు పాఠం చదవాలి: ఎవరికి, ఏ తేదీ తర్వాత వేసిన పిటిషన్‌కి, ఎన్ని నెలలు.

రాజ్యాంగం స్వయంగా ఇచ్చినవి మాత్రం సిటిజన్లకే కాదు. ఐదో సవరణలోనూ, 1868 నాటి పద్నాలుగో సవరణలో చట్టం ముందు సమానత్వం చెప్పే చోటా ఉన్నది "వ్యక్తి" అనే మాట. 1886లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనీయుల లాండ్రీల కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. వీసా మీద ఉన్నవాడిని పోలీసు ఆపితే మౌనంగా ఉండే హక్కూ, కారణం లేకుండా ఇల్లు సోదా చేయకూడదనే రక్షణా ఉన్నాయి. కానీ దేశంలోకి రావడానికి రాజ్యాంగం హక్కు ఇవ్వదు. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో 221(జి) స్లిప్పు (వీసా ఇప్పటికి ఇవ్వడం లేదనే కాగితం) చేతిలో పెడితే, పిటిషన్ ఆమోదించినట్టు ఐ-797 నోటీసు ఉన్నా సరే, కోర్టులు మామూలుగా జోక్యం చేసుకోవు. ఆమోదించింది హోంలాండ్ సెక్యూరిటీ, వీసా ఇచ్చేది విదేశాంగ శాఖ, అంతకుముందు ఎల్‌సీఏ (జీతం, పని షరతుల మీద కంపెనీ ఇచ్చే దరఖాస్తు) చూసింది కార్మిక శాఖ. మూడూ ప్రెసిడెంట్ కింద ఉన్నా ఒకదాని మాట ఇంకోదాన్ని కట్టేయదు.

రాష్ట్రం దగ్గర వచ్చే చిక్కు మరో రకం. డ్రైవింగ్ లైసెన్స్ రాష్ట్రానిది, కానీ లైసెన్స్ ఆఫీసు మీ స్టేటస్‌ను ఫెడరల్ డేటాబేస్‌లో చూస్తుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీగా ఉంటే వీసా మీద పేరంతా సర్‌నేమ్ గడిలోకి వెళ్ళి, మొదటి పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఇంకోలా ఉంటే అక్కడే ఆగుతుంది. పాస్‌పోర్టు గడువు ముందే ముగుస్తుంటే ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ప్రవేశ రికార్డు) కూడా ఆ తేదీకే కోసేస్తారు, లైసెన్సూ అంతవరకే. దిగిన రోజే ఐ-94ను ఆన్‌లైన్‌లో తీసి పేరు, తేదీ సరిచూసుకోండి. ఎక్స్‌టెన్షన్ సకాలంలో వేసి పెండింగ్‌లో ఉంటే 240 రోజుల వరకు అదే కంపెనీలో పని చేయొచ్చని ఫెడరల్ రూలు అంటుంది. ఆ రసీదు చూసి లైసెన్స్ పొడిగించాలా వద్దా అనేది మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

ఓటు లేకపోయినా మనకు దారులున్నాయి. జనాభా లెక్కల్లో సిటిజన్లనే కాదు, మనుషులందరినీ లెక్కపెట్టి ప్రతినిధుల సభ సీట్లు పంచమని పద్నాలుగో సవరణ చెబుతోంది. అంటే మీ నియోజకవర్గం నుంచి ఆ సభలో ఉన్న సభ్యుడి సీటులో మీ లెక్కా ఉంది. కేసు మామూలు గడువు దాటి ఆగిపోతే ఆ సభ్యుడి స్థానిక ఆఫీసుకు రసీదు నంబరు, సంతకం చేసిన ప్రైవసీ ఫారం ఇస్తే వాళ్ళు శాఖను అడుగుతారు. ఎన్నికల చందా మాత్రం గ్రీన్‌కార్డు రాకముందు ఏ స్థాయిలోనూ ఇవ్వకూడదు, అది చట్టవిరుద్ధం. రూలు ప్రతిపాదన వస్తే ప్రభుత్వ వెబ్‌సైట్ రెగ్యులేషన్స్.గవ్‌లో ఎవరైనా వ్యాఖ్య రాయొచ్చు, సిటిజనే కానక్కర్లేదు. ఒకే పాఠాన్ని వందమంది కాపీ చేసి పెడితే అధికారులు దాన్ని ఒక్క అభిప్రాయంగానే చూస్తారు. డాకెట్ నంబరు (ఆ ప్రతిపాదన ఫైలు నంబరు), ఏ పేరా మీద అభ్యంతరం, దానివల్ల మీ ఇంటికో మీ కంపెనీకో ఎంత నష్టమో అంకెలతో రాసి, ఆఖరి రాత్రి దాకా ఆగకుండా ముందే పంపండి. రేపు రూలు కోర్టుకెక్కితే జడ్జి ముందుండే రికార్డులో ఆ పేజీ కూడా ఉంటుంది.