పెద్దమ్మ, కొబ్బరి నూనె

మా పెద్దమ్మకు డెబ్బై ఆరేళ్లు. ఎవరో వాట్సాప్‌లో పంపారని పొద్దున్నే పరగడుపున చెంచాడు కొబ్బరి నూనె తాగుతోంది, మతిమరుపు దగ్గరకు రాదట! అందులో సుమారు 90 శాతం సంతృప్త కొవ్వే. జ్ఞాపకశక్తి సంగతేమో గానీ చెడ్డ కొలెస్ట్రాల్ పెరుగుతుంది. గుండెకీ రక్తనాళాలకీ పడనిది మెదడుకి మాత్రం ఎలా పడుతుంది?

మా తమ్ముడిది ఇంకో వరస. అమెరికాలో 92 వేల మందిని 28 ఏళ్లు గమనించిన హార్వర్డ్ అధ్యయనం 2024లో వచ్చింది. రోజుకు 7 గ్రాములకు మించి ఆలివ్ నూనె వాడినవాళ్లలో డిమెన్షియాతో (మతిమరుపు జబ్బుతో) చనిపోయే ముప్పు 28 శాతం తక్కువట. వాడు వెంటనే సీసా కొనేశాడు, ధర చూసి మరదలి గుండె గుభేలుమంది. కానీ ఆలివ్ నూనె కొనుక్కునేవాళ్లు మిగతా తిండి కూడా జాగ్రత్తగా తింటారేమో? అలాంటి అధ్యయనంలో ఇది తేల్చడం కష్టం. మెదడు కోసమని రూపొందించిన, ఆలివ్ నూనె కూడా ఉండే మైండ్ ఆహారాన్ని 604 మంది పెద్దవాళ్ల మీద మూడేళ్లు పరీక్షిస్తే, మామూలు తిండి కాస్త తగ్గించి తిన్నవాళ్లతో పోల్చినప్పుడు చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ ఫలితం 2023లో వచ్చింది. దాన్నెవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

నేను పెద్దమ్మతో నూనె మాట ఎత్తడం మానేసి కానాగంత చేపల పులుసు పంపిస్తున్నా. ఒమేగా-3 అనే మంచి కొవ్వు దండిగా ఉంటుంది, చవక, పైగా చింతపండు పులుపు దిగిన ముక్కంటే ఆవిడకి ప్రాణం. బజ్జీల బండి దగ్గర మూకుడులో నల్లగా మరిగే నూనె గురించి మాత్రం ఇంకా పోట్లాడుతున్నాం.